ముందే మేలుకున్న ఆఫీసు

ఎంసీఏ చదివాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం కర్నూలులో ఒక బట్టల అంగడి మేడ మీద. కింద చీరలు, పంచెలు, స్కూలు యూనిఫారాల గుడ్డ. పైన కంప్యూటర్ శిక్షణ కేంద్రం. రెండింటికీ యజమాని ఒక్కరే. తాతల కాలం నుంచీ వాళ్ళది బట్టల వ్యాపారం. ఆయన కంప్యూటర్లలోకి దిగడానికి కారణం ఒకటే. ఎదురు వరసలో ఇత్తడి సామాన్ల అంగడాయన తన మేడ మీద కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. బిందెలమ్మే మనిషి పెట్టగా లేనిది చీరలమ్మే మనిషి ఎందుకు పెట్టకూడదు అన్న ప్రశ్నకు వాళ్ళింట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

ఇంటర్వ్యూ చేసింది ఆయనే. నా సర్టిఫికెట్లను అంచు నేత చూసినట్టు వేళ్ళతో తడిమి పక్కన పెట్టారు.

"ఏమ్మా, గిరాకీ వస్తే ఎంతసేపటికి పలకరిస్తావు?" అన్నారు.

"వెంటనే సార్."

"వెంటనే అంటే ఆలస్యమైపోయినట్టేనమ్మా. ఆయప్ప మెట్లెక్కుతాండంగనే పలకరించల్ల."

ఉద్యోగం వచ్చింది. కంప్యూటర్ల గురించి ఆయన ఆ రోజు ఒక్క మాటా అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ మౌసు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, మా భుజాల మీదుగా తెర వైపు చూసేవారు. దూరం నుంచే లోపాలు కనిపెట్టగలనని ఆయన నమ్మకం.

కింద అంగడిలో ఆయనకొక పద్ధతుండేది. మనిషి గడప దగ్గర చెప్పులు విడుస్తుండగానే సేల్స్‌మన్ ఏదో ఒక తాను సగం విప్పి చేతిలో పట్టుకుని నిలబడాలి. వచ్చినవాడు జేబురుమాలు కొనడానికి వచ్చినా సరే, పట్టుచీర పల్లూ వాడి ముఖం మీదికి రావాలి. ఈ పద్ధతి పైకి పాకుతుందని నేను అప్పట్లో అనుకోలేదు.

అది రెండువేల దశకం నడిమి కాలం. ఊళ్ళో అందరి కంప్యూటర్లలాగే మావాటిలోనూ విండోస్ ఉండేది, దాని మీద డబ్బు పెట్టి కొనుక్కోవలసిన ఆఫీసు సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టకుండానే ఉండేది. ఒకే సీడీ ఊరంతా తిరిగి మా దాకా వచ్చింది. దాని మీద ఎవరో స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలే మా లైసెన్సు. అంతా బాగానే నడుస్తుండగా, హైదరాబాదు నుంచి సరుకు తెచ్చే ఏజెంటొకడు అక్కడ దొంగ సాఫ్ట్‌వేర్ల మీద దాడులు జరుగుతున్నాయని మా యజమాని చెవిన వేశాడు. ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పైకొచ్చారు.

"అమ్మా, వాళ్ళొస్తే కంప్యూటర్లు ఎత్తుకపోతారా, కింద బట్టలు గూడ ఎత్తుకపోతారా?"

"బట్టల జోలికి రారు సార్."

"కంప్యూటర్లు మాత్రం పోనిమ్మంటావా?"

అట్లా ఆ సాయంత్రమే ఉచితంగా దొరికే ఇంకో ఆఫీసు సాఫ్ట్‌వేర్ తెచ్చి అన్నిటిలో ఎక్కించాను. ఉత్తరాలు రాసుకోవచ్చు, లెక్కల పట్టీలు వేసుకోవచ్చు, అన్నీ ఉన్నాయి. ఎవరూ కేసు పెట్టరు. ఆయనకు మాత్రం అనుమానం తీరలేదు. "ఊరికే ఎందుకిస్తారమ్మా? ఏదో తిరకాసుంటాది, చూడు," అన్నారు.

తిరకాసు మరుసటి రోజు పొద్దున్నే బయటపడింది. అది తెరుచుకోదు. తెరుచుకోదంటే, తెరుచుకుంటుంది, తీరికగా. నొక్కాక తెర మధ్యలో ఒక బొమ్మ వచ్చి నిలబడుతుంది. దాని కింద ఒక గీత నత్తలా పాకుతుంది. మా కంప్యూటర్లలో మెమరీ అంతంత మాత్రం, ఆ సాఫ్ట్‌వేరేమో పెద్దది. డిస్కు నుంచి దాని భాగాలన్నీ ఒక్కొక్కటే మెమరీలోకి చేరేదాకా మనం ఫ్యాను గాలికి కూర్చోవాలి. ఈలోపు ఆడపిల్లలు జడలు సవరించుకునేవారు. మగపిల్లలు ఆడపిల్లలు జడలు సవరించుకోవడం చూసేవారు. నిజానికి ఆ పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు.

ఫిర్యాదు చేసింది రిటైరైన తాసిల్దారుగారు. ఆయన పొద్దుటి బ్యాచ్‌లో అందరికంటే ముందొచ్చేవారు. తన సర్వీసు అనుభవాలను పుస్తకంగా రాయాలని కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. జీవితంలో ఒకసారి గంట కొడితే బంట్రోతు రాకపోవడమన్నది ఎరుగని మనిషి. ఆఫీసు గుర్తు మీద రెండుసార్లు నొక్కారు. రాలేదు. మళ్ళీ నొక్కారు. రాలేదు. ఇంక కోపంతో టకటకా నొక్కుతూనే పోయారు. కంప్యూటర్ ఆ నొక్కుళ్ళన్నిటినీ భక్తిగా దాచుకుని, చివరికి ఎన్నిసార్లు నొక్కారో అన్ని కిటికీలూ ఒకదాని మీద ఒకటి తెరిచి, బిగుసుకుపోయింది.

"మేడం, ఇది నా మాట వినడం లేదు," అన్నారు తాసిల్దారుగారు.

"మీ మాట మరీ ఎక్కువ విన్నది సార్," అన్నాను.

మా యజమాని అప్పుడే వెనక చేతులు కట్టుకుని వచ్చి నిలబడి ఉన్నారు. నన్ను పక్కకు పిలిచారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

"గిరాకీ వచ్చి కూర్చున్నంక తాను వెతుకుతామంటే ఎట్లమ్మా? మన అంగడి పరువేం గావల్ల?"

"దీనికొక ఉపాయం ఉంది సార్," అన్నాను. ఆ ఉపాయం చెప్పినందుకు ఆ తర్వాత చాలాసార్లు నాలుక కొరుక్కున్నాను.

ఉపాయం చాలా చిన్నది. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు పెడితే, విండోస్ మొదలైనప్పుడే ఆఫీసు సగం పని చేసేసుకుంటుంది. తన భాగాలను ముందుగానే మెమరీలోకి తెచ్చిపెట్టుకుని, తెర కింద కుడివైపు గడియారం పక్కన ఒక చిన్న గుర్తుగా కాచుకుని ఉంటుంది. అప్పుడు నొక్కితే వెంటనే లేస్తుంది. ఒక కంప్యూటర్‌లో టిక్కు పెట్టి, ఆపి, మళ్ళీ వేసి చూపించాను. నొక్కగానే ఖాళీ కాగితం ప్రత్యక్షమైంది.

యజమాని ముఖం వెలిగిపోయింది. "అంటే మనం నొక్కకముందే అది లేచి కూర్చోనుంటాది!"

"అవును సార్. కాకపోతే దానికి మెమరీ ఖర్చవుతుంది. కంప్యూటర్ మొదలు కావడానికీ కొంచెం ఎక్కువ సేపు..."

"కనిపెట్టినోడు మనోడే అయ్యుంటాడమ్మా. బట్టలంగడోడే." నా రెండో వాక్యం ఆయన చెవిలో పడలేదు.

వారం తిరక్కుండానే ఆయన జ్ఞానం పెరిగింది. ఆఫీసు ముందే లేవగలిగితే మిగతావి ఎందుకు పడుకోవాలి? టైపింగ్ నేర్పే ప్రోగ్రాము, తెలుగు అక్షరాల కీబోర్డు, వ్యాపార లెక్కల ప్రోగ్రాము, వైరస్‌లను పట్టేది, బొమ్మలు గీసేది, ఎవరో పత్రికతో ఉచితంగా ఇచ్చిన పంచాంగం సీడీ... ఒక్కొక్కటీ విండోస్‌తోపాటే లేచే స్టార్టప్‌లోకి ఎక్కాల్సిందే. గడియారం పక్కన గుర్తులు వరసకట్టాయి. కొత్తగా చేరడానికి వచ్చినవాళ్ళను ఆయన నేరుగా తెర కింది మూలకు తీసుకుపోయి చూపించేవారు. "చూడప్పా, అన్నీ రెడీగా ఉండాయి. ఎదురంగడిలో ఇవి రెండో మూడో ఉంటాయి, పోయి చూసుకోపో."

కొందరు నిజంగానే పోయి చూసి, తిరిగొచ్చి మా దగ్గరే చేరారు.

లోపల జరుగుతున్నది వేరే. స్విచ్చి వేశాక తెర వచ్చేది గానీ, మౌసు పక్కన ఇసుక గడియారం దొర్లుతూనే ఉండేది. పొద్దున వాచ్‌మన్ వాకిలి ఊడ్చకముందే కంప్యూటర్లు వేస్తే బ్యాచ్ వచ్చేసరికి గుర్తులన్నీ తేరుకునేవి. పైగా ఉన్న మెమరీ అంతా ఈ కాచుకున్నవాళ్ళకే సరిపోయేది. చోటు చాలక విండోస్ వాళ్ళలో కొందరిని మెల్లగా తీసి మళ్ళీ డిస్కులో పెట్టేది. మనం నొక్కితే అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ముందే తెచ్చుకున్నదాన్ని వెనక్కి పంపి మళ్ళీ తెప్పించుకోవడమన్నమాట. చివరికి ఆఫీసు పాతకాలంలోలాగే నెమ్మదిగా తెరుచుకోవడం మొదలెట్టింది, మెలకువగా ఉండి కూడా.

ఇదంతా నేను చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఒక పని చేద్దాం. ఇంకోటేదన్నా ముందే లేపి చూద్దామా?" అన్నారు.

ఆ ఏడాదే ఆయన కడపలో ఇంకో శాఖ తెరిచారు. దాన్ని ఆయన బామ్మర్దికి అప్పజెప్పారు. బామ్మర్ది బెంగళూరులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, ఉద్యోగం పోగొట్టుకుని, ఒక సిద్ధాంతం సంపాదించుకుని వచ్చాడు. సిద్ధాంతం పేరు లినక్స్. దాని గుర్తయిన పెంగ్విన్ బొమ్మ టీషర్టు ఉతికి ఆరేసిన రోజు తప్ప అన్ని రోజులూ వేసుకునేవాడు. కడప కంప్యూటర్లన్నిటిలో విండోస్ బదులు లినక్సే పెట్టాడు. అందులోనూ ఆఫీసు అదే ఉచిత ఆఫీసు. బావకూ బామ్మర్దికీ తేడా అక్కడే మొదలైంది. ముందుగా ఏదీ లేపడం బామ్మర్దికి గిట్టదు.

ఇద్దరూ ఫోనులో వాదించుకునేవారు. మా యజమాని స్పీకరు పెట్టి మాట్లాడేవారు, మాకందరికీ వినబడాలని.

"బావా, లినక్స్‌కు ఆ టిక్కులన్నీ అక్కర్లేదు. ఒకసారి తెరిస్తే సాలు, డిస్కు నుంచి చదివిందాన్ని మెమరీలో గుర్తు పెట్టుకుంటాది. రెండోసారి నొక్కితే ఠక్కున వస్తాది. వేరే దేనికన్నా చోటు కావల్లంటే మర్యాదగా ఖాళీ చేసి ఇచ్చేస్తాది."

"మొదటిసారి?"

"మొదటిసారి కొంచెం నిదానమే."

"అంటే అంగడికొచ్చిన గిరాకీని, ఈసారికి పొయ్యి మల్ల రా అప్పా, అప్పుడు చూపిస్తాం అంటావు! నువ్వు బెంగళూరులో నేర్చుకొన్న వ్యాపారమిదేనా?"

నెలకోసారి పరీక్షలు పెట్టడానికి నేను కడప పోయేదాన్ని. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో ఒళ్ళంతా దుమ్ము చేసుకుని దిగేదాన్ని. ఒకసారి ముందు రోజే పోయి బంధువులింట్లో ఆగి, పొద్దున్నే శాఖకు వెళ్ళాను. షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి పోయాను.

బామ్మర్ది ఒక్కడే ఉన్నాడు. మొదటి కంప్యూటర్ దగ్గర కూర్చుని ఆఫీసు తెరిచాడు. తెరుచుకునేదాకా కాచుకున్నాడు. మూసేశాడు. లేచి రెండో కంప్యూటర్ దగ్గరికి పోయాడు. తెరిచాడు, కాచుకున్నాడు, మూసేశాడు. మూడోదాని దగ్గర కుర్చీ జరుపుతూ నన్ను చూశాడు.

"ఏం చేస్తున్నావన్నా?" అన్నాను.

"ఏం లేదు మేడం. చెకింగు."

"రోజూ చేస్తావా ఈ చెకింగు?"

టీషర్టు అంచు లాక్కున్నాడు. "పిల్లోళ్ళు వచ్చేసరికి రెండోసారి అయితాది గదా మేడం."

"మీ బావగారు టిక్కు పెట్టి చేసేది నువ్వు చేత్తో చేస్తున్నావు. అంతేగా?"

"కాదు కాదు. అది ప్రీలోడింగు, ముందే ఎక్కించేది. ఇది క్యాషింగు, తెరిచిందాన్ని గుర్తు పెట్టుకునేది. శానా తేడా ఉండాది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బావకు మాత్రం చెప్పొద్దు మేడం," అన్నాడు.

నేను చెప్పలేదు. వాళ్ళ వాదనలు స్పీకరులో వింటున్నప్పుడు ఆ రహస్యం వల్ల నాకు కలిగే ఆనందాన్ని ఒక మాటతో పాడుచేసుకోవడం ఇష్టం లేకపోయింది.

ఇట్లా ఉండగా ఒక ప్రభుత్వ శాఖ వాళ్ళు తమ గుమాస్తాలకు కంప్యూటర్ శిక్షణ ఇప్పించాలనుకున్నారు. రెండు జిల్లాల గుమాస్తాలు. ఎక్కడ ఇప్పించాలో చూడ్డానికి ఒక పెద్ద అధికారి వస్తారని కబురొచ్చింది. యజమాని బామ్మర్దిని కడప నుంచి ఒక కంప్యూటర్‌తో సహా రమ్మన్నారు. సాయం కోసం కాదు, తేల్చుకోవడానికి. అధికారి ముందరే విండోస్‌నూ లినక్స్‌నూ పక్కపక్కన పెట్టి నొక్కితే ఏది ముందు తెరుచుకుంటుందో లోకానికి తెలుస్తుందని ఆయన పట్టుదల. బామ్మర్ది కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో పక్క సీటుకు కూడా టికెట్టు తీసుకుని తెచ్చాడు.

ఆ ఇద్దరూ చాలరని, పక్క మేడ మీది ఫోటో స్టూడియో ఆయన్ని కూడా పిలిచారు. పెళ్ళి ఆల్బములు చేసే మనిషి. ఆయన దగ్గర తెల్లటి మ్యాక్ కంప్యూటర్ ఉంది. అది హాల్లో ఉంటే అధికారికి గౌరవంగా ఉంటుందని మా యజమాని ఆలోచన. స్టూడియో ఆయనకు టిక్కుల గొడవా లేదు, రెండోసారి గొడవా లేదు. మ్యాక్‌లో కిటికీ మూసినా ప్రోగ్రాము మూతపడదు. కింద గుర్తుల వరసలో దాని కింద చిన్న నల్ల త్రికోణం మిగిలి ఉంటుంది, అంటే లోపల బతికే ఉందని. ఆయన ఏ ప్రోగ్రామునూ ఎప్పుడూ నిజంగా మూసిన పాపాన పోలేదు. యంత్రాన్నీ ఆపలేదు, రాత్రిపూట నిద్రపుచ్చేవాడంతే. మూత తీసిన డబ్బాలో లడ్డూలున్నట్టు అన్నీ ఎప్పుడూ అందుబాటులో ఉండేవి. "మాదాంట్లో అంతా ఆటోమేటిక్కు," అనేవాడు.

ఆ మ్యాక్‌ను మా మేడకు తేవాలంటే మాత్రం వైరు పీకాలి. పీకాడు. త్రికోణాలన్నీ పోయాయి. ఆయన కంగారేమీ పడలేదు. మా హాల్లో పెట్టి, మా ఉచిత ఆఫీసునూ అందులో ఎక్కించుకుని, మళ్ళీ అన్నీ తెరిచి పెట్టుకున్నాడు. మా యజమాని ఆనవాయితీ ప్రకారం వాచ్‌మన్ చేత విండోస్ యంత్రాలన్నీ పెందలాడే వేయించారు. బామ్మర్ది ఎవరూ చూడని సమయంలో తన లినక్స్‌లో ఆఫీసు ఒకసారి తెరిచి మూసేశాడు. నేను చూశాను. మూడు మతాల వాళ్ళూ తమ తమ పూజలు ముగించుకుని అధికారి కోసం కాచుకున్నారు.

పొద్దున వస్తానన్న అధికారి రాలేదు. టిఫిన్లయ్యాయి. రాలేదు. ఎవరో మంత్రిగారు ఊరి మీదుగా పోతుంటే దారిలో నిలబడడానికి పోయారని తెలిసింది. మధ్యాహ్నం కావస్తుండగా కింద జీపు ఆగింది. యజమాని పరుగున దిగారు. అధికారి మెట్లెక్కుతుండగానే, రోజూ కోత పెట్టే వేళకు ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కాకుండా, కరెంటు పోయింది.

యూపీఎస్‌లు కాసేపు కీచుకీచుమని అరిచి ప్రాణాలు వదిలాయి. తెరలన్నీ ఒక్కొక్కటే నల్లబడ్డాయి. వాచ్‌మన్ వెనక దొడ్లోకి పరుగెత్తి జనరేటరు తాడు లాగీ లాగీ దాన్ని లేపాడు. కరెంటొచ్చింది. అన్ని యంత్రాలూ మొదటి నుంచి మొదలెట్టాయి. పొద్దుట్నుంచీ మెమరీలో పోగేసుకున్నది ఎవరికీ మిగల్లేదు. టిక్కు పెట్టినవాడికీ లేదు, చేత్తో తెరిచినవాడికీ లేదు, మూయనే మూయనివాడికీ లేదు.

అధికారి ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ముఖం తుడుచుకున్నారు. "ఊఁ, చూపించండి," అన్నారు.

మా విండోస్ తెర అందరికంటే ముందొచ్చింది. యజమాని గర్వంగా బామ్మర్ది వైపు చూశారు. తర్వాత ఇసుక గడియారం దొర్లడం మొదలైంది. గడియారం పక్కన గుర్తులు బద్ధకంగా ఒక్కొక్కటే వస్తున్నాయి. "వస్తాండాయి సార్. అన్నీ లేస్తాండాయి. లేచినంక చూడండి," అంటున్నారు యజమాని. ముందుగా లేచింది పంచాంగం. ఆ రోజు రాహుకాలమెప్పుడో తెర మధ్యలో చూపించింది.

లినక్స్ నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పోతున్నాయి. ఉన్నట్టుండి ఆగాయి. అధికారి కళ్ళద్దాలు సవరించుకుని చదివారు.

"ఇది ఏదో తప్పంటోంది కదయ్యా?"

"తప్పు కాదు సార్. కరెంటు పోయింది గదా, డిస్కంతా సరిగ్గా ఉండాదా లేదా అని చూసుకుంటాండాది," అన్నాడు బామ్మర్ది. చెమటకు పెంగ్విన్ తడిసిపోయింది.

"ఎంతసేపు చూసుకుంటుంది?"

"దాని మనసు, సార్."

ఇంక మ్యాక్. అది అందంగా లేచింది. స్టూడియో ఆయన ఆఫీసు గుర్తు నొక్కాడు. గుర్తు ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. ఎగురుతూనే ఉంది. ఆ రోజుల్లో ఆ ఉచిత ఆఫీసు మ్యాక్‌లో నేరుగా నడిచేది కాదు, దానికి ముందు ఇంకో ప్రోగ్రాము లేచి చాప పరవాలి. "దీన్ని లేపేదాన్ని ముందు లేపల్ల సార్," అని ఆయన వివరించాడు. అధికారి తల ఊపారు. ఆఫీసుల్లో ఉన్న మనిషి కాబట్టి ఆ ఒక్క సంగతీ ఆయనకు బాగా అర్థమైనట్టుంది.

సోడా వచ్చింది. బిస్కెట్లు వచ్చాయి. మూడు తెరల మీదా ఆఫీసు ఒక్కటే రాలేదు.

అప్పుడు నా వెనక నుంచి టకటకమని శబ్దం. రోజువారీ క్లాసు ఆ రోజు లేదని చెప్పినా వినకుండా తాసిల్దారుగారు వచ్చి చివరి కంప్యూటర్ దగ్గర కూర్చున్నారు. గుర్తు మీద నొక్కుతున్నారు. ఆపకుండా నొక్కుతున్నారు. యజమాని పళ్ళు బిగించి, "అమ్మా, ఆయప్పను ఎట్లన్నా ఆపు," అని నా చెవిలో అన్నారు.

నేను కదిలేలోపే అధికారి తల తిప్పి చూశారు. చేతిలో బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది. లేచి నిలబడ్డారు.

"సార్! మీరా?"

తాసిల్దారుగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఎవరూ? నువ్వా? నా దగ్గర ఆదోనిలో గుమాస్తాగా చేరింది నువ్వే గదూ? చేతిరాత అన్యాయంగా ఉండేది."

"నేనే సార్," అన్నారు అధికారి, చేతులు కట్టుకుని.

"ఇప్పుడేమైనా బాగుపడిందా?"

"ఇప్పుడు అంతా కంప్యూటరే కద సార్."

"మంచిది. నేనూ ఈడనే నేర్చుకుంటాండా. ఈ మేడం బాగా చెప్తాది. మీవాళ్ళను గూడ ఈడికే పంపు."

"అట్లే సార్."

అయిపోయింది. ఏ యంత్రంలోనూ ఆఫీసు తెరుచుకోకముందే మాకు శిక్షణ ఒప్పందం ఖాయమైంది. అధికారి తాసిల్దారుగారి కాళ్ళకు దణ్ణం పెట్టినంత పని చేసి, మెట్లు దిగి జీపెక్కారు. ఎన్నేళ్ళ కిందటో ఒక ఆఫీసులో ఒకరు కుర్చీలో కూర్చుని ఇంకొకరు నిలబడిన ఆ సంబంధం ఏ మెమరీలోనూ చెరిగిపోలేదు, ఏ కరెంటు కోతా దాన్ని ఆపలేదు. జీపు చప్పుడు వినబడనంత దూరం పోయాక మా విండోస్‌లో ఖాళీ కాగితం తెరుచుకుంది. ఎవరూ చూడలేదు.

బావాబామ్మర్దులు మాత్రం ఊరుకోలేదు.

"చూసినావా, తెర ముందొచ్చింది నాదే," అన్నారు యజమాని.

"తెరొస్తే సరిపోయిందా బావా? పొద్దున అయితే నాదే ఠక్కున వచ్చింటుండె. నేను ఒకసారి తెరిచి పెట్టి..." అని నోరు జారి, ఆగిపోయాడు బామ్మర్ది.

యజమాని వెనక కట్టుకున్న చేతులు ముందుకొచ్చాయి. "ఏమన్నావు? తెరిచి పెట్టినావా?"

బామ్మర్ది నా వైపు చూశాడు. నేను సోడా సీసాలు సర్దుతున్నాను.

"అంటే నువ్వు గూడ ముందే లేపి పెడతాండావు!"

"అది క్యాషింగు బావా..."

"ఏందో ఒక ఇంగు. రేయ్, నువ్వు బెంగళూరు పోయినా బట్టలంగడోడివే రా!" అని ఆయన నవ్వడం మొదలెట్టారు. మేడంతా వినబడేట్టు నవ్వారు. ఆయన అట్లా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. బామ్మర్ది మొదట ముఖం మాడ్చుకున్నాడు గానీ చివరికి అతనూ నవ్వాడు. స్టూడియో ఆయన మాత్రం ఇంకా తన గుర్తు ఎగరడం చూస్తూ కూర్చున్నాడు.

గుమాస్తాల బ్యాచ్ మొదలైంది. మొదటి రోజున వాచ్‌మన్ మామూలు కంటే ముందే యంత్రాలు వేశాడు. గుర్తులన్నీ తేరుకుని, ఆఫీసు నిజంగానే నొక్కగానే తెరుచుకునే స్థితిలో ఉంది. నేను కొత్త చాక్‌పీసు విరిచి, బోర్డు మీద మౌసు బొమ్మ వేసి, ద్వారం వైపు చూస్తూ నిలబడ్డాను. గుమాస్తాల్లో చాలామంది టీలు తాగి, పదకొండు దాటాక వచ్చారు. హాజరు పట్టీ ఎక్కడని అడిగారు. వరసగా సంతకాలు పెట్టారు. వాళ్ళలో పెద్దాయన నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా, "మేడం, సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారు?" అన్నాడు.

"నేర్చుకున్నాక, సార్."

"అది సరే. ఎప్పుడు?"

రెండో రోజు సంతకాలు పెట్టినవాళ్ళు కాసేపయినా కూర్చోలేదు. వారాంతానికి ఇద్దరు వచ్చి అందరి సంతకాలూ పెట్టేశారు. వాళ్ళకు బజారులో పనులుండేవి, సినిమాలుండేవి, ఒకాయనకు ఆలూరు దగ్గర సెనగ చేనుండేది. యజమాని మొదట్లో తట్టుకోలేకపోయారు. ఖాళీ కుర్చీల మధ్య తిరుగుతూ, "గిరాకీ రాకుండానే దుడ్లొస్తాండాయి. ఇదేం వ్యాపారమమ్మా?" అనేవారు. ఆయన జీవితంలో ఎవరూ ఇంతగా ఆయన్ని అవమానించలేదనుకుంటాను. పల్లూ విప్పి పట్టుకుంటే కనీసం ముఖం చూపించాలి కదా మనిషి.

కానీ వ్యాపారస్థుడు. రెండో నెలలో సంగతి అర్థం చేసుకున్నారు. ఒక పొద్దున నేను వచ్చేసరికి హాలు చీకటిగా ఉంది. యంత్రాల మీద కింద అంగడిలో మిగిలిన యూనిఫారం గుడ్డ ముక్కలు కప్పి ఉన్నాయి.

"కంప్యూటర్లు వేయలేదేం సార్?"

"ఎవరికోసరమమ్మా? కరెంటు దండగ. సంతకాలకు ట్యూబులైటు చాలు."

ముందుగా లేపడం మీద అంత నమ్మకమున్న మనిషి, అసలు లేపకుండానే పని జరిగే మార్గం కనిపెట్టేశారు. ఆ కోర్సు చివర్లో సర్టిఫికెట్లు అచ్చు వేయడానికి నేనొక్కదాన్నే ఒక్క కంప్యూటర్ వేశాను. ఆఫీసు వ్యవహారాలలో కంప్యూటర్ వినియోగంలో తగిన నైపుణ్యం సాధించారని ఒక్కొక్కరికీ ఒక కాగితం. కొందరి ముఖాలు నేను సర్టిఫికెట్లు ఇచ్చే రోజే మొదటిసారి చూశాను. పెద్దాయన తన కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, తన ఇంటిపేరులో అచ్చుతప్పు పట్టుకున్నాడు. దిద్ది మళ్ళీ అచ్చు వేసి ఇచ్చాను. అందరితో కలిసి ఫోటో దిగాం. స్టూడియో ఆయనే తీశాడు.

ఆ వేసవిలోనే నేను కడపలో ఒక స్కూల్లో ఉద్యోగం చూసుకున్నాను. మానేస్తున్నానని చెప్పడానికి కిందికి పోతే యజమాని గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు. విని, గల్లా పెట్టె మూశారు. తర్వాత సేల్స్‌మన్‌ను పిలిచి ఒక చీర తెమ్మన్నారు. నాకు రంగు నచ్చలేదు. వద్దంటే బాగుండదని తీసుకున్నాను.

"ఆడ పిల్లోళ్ళు క్లాసుకు వస్తారామ్మా?" అన్నారు.

"వస్తారు సార్. స్కూలు కదా, రాకపోతే కొడతారు."

"అట్లయితే మంచిదేలే," అన్నారు. చీరను కాగితంలో చుట్టి, దారం కట్టి, ఆయనే నా చేతికిచ్చారు.